65 వేలలో మిక్సింగ్‌కు ల్యాప్‌టాప్: హనుమకొండలో నా వెతుకులాట

మా ఇంట్లో కెమెరా అన్నయ్యది, మిక్సింగ్ నాది. పరకాల, ములుగు, నర్సంపేట, భూపాలపల్లి వైపు పల్లెల్లో పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, బోనాలు, బతుకమ్మ వేడుకలు అన్నయ్య చిత్రీకరిస్తాడు. మైలపోలు నుంచి బరాత్ దాకా ఆ దృశ్యాలన్నీ కూర్చి, రంగులు సరిచేసి, పాటలు జోడించి, పెళ్లివారి చేతికి ఇచ్చే పని నాది. చాలాకాలం ఈ పనంతా హనుమకొండలో నేను ఇంతకుముందు ఉద్యోగం చేసిన స్టూడియోలోనే, గంటకింత అని అద్దె కట్టి వాళ్ల కంప్యూటర్ మీద చేసుకున్నాను. 2024లో అమ్మ వేసిన చిట్టీ చేతికి వచ్చింది. అందులో 65 వేలు నా సొంత మెషీన్‌కు అని అమ్మే పక్కన పెట్టింది. ఆ డబ్బులో ప్రతి రూపాయికీ పని దొరకాలని గట్టిగా అనుకున్నాను.

అప్పటి నుంచి తెలిసినవాళ్లు ఏ ల్యాప్‌టాప్ కొనాలని నన్ను అడుగుతూనే ఉన్నారు. ఒక మోడల్ పేరు చెప్పేస్తే పని అయిపోతుంది కానీ, ఆరు నెలలు తిరిగేసరికి ఆ మోడల్ మార్కెట్లో ఉండదు. పైగా నాకు సరిపోయింది వాళ్లకు సరిపోవాలని లేదు. నేను బలంగా నమ్మేది ఒక్కటే: మీ కెమెరా, మీ ఫోను ఎలాంటి ఫైలు ఇస్తున్నాయో తెలుసుకోకుండా దుకాణం మెట్లు ఎక్కకూడదు. ల్యాప్‌టాప్ ఎంపిక అక్కడే సగం తేలిపోతుంది.

ముందుగా ఒక మాట. అదే 65 వేలకు డెస్క్‌టాప్ కట్టించుకుంటే ఇంతకంటే బలమైన మెషీన్ వస్తుంది. వేడి తక్కువ, మరమ్మతు తేలిక, రేపు ఏ భాగమైనా మార్చుకోవచ్చు. ఇల్లు కదలకుండా పనిచేసేవారికి నేను ఇప్పటికీ డెస్క్‌టాప్ అనే చెబుతాను. నేను మాత్రం అన్నయ్యతో పాటు ఊళ్లకు వెళ్తాను. పెళ్లి రాత్రే కార్డుల్లోని దృశ్యాలు రెండు చోట్లకు ఎక్కించి పెట్టుకోవాలి, తెల్లారేసరికి ఒక నిమిషం వీడియో వాట్సాప్‌లో పెళ్లికొడుకు బంధువులకు చేరాలి. కరెంటు పోయినా పని ఆగకూడదు. అందుకే ల్యాప్‌టాప్.

దుకాణాలకు వెళ్లే ముందు మా దగ్గరున్న ఫైళ్లన్నీ మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూశాను. అది ప్రతి వీడియో జాతకం చెబుతుంది: ఏ కోడెక్ (వీడియోను కుదించి దాచే పద్ధతి), రంగుకు ఎన్ని బిట్లు, సెకనుకు ఎంత డేటా, ఎన్ని ఫ్రేములు. అన్నయ్య కెమెరా ఇచ్చేది 4కే, హెచ్.264, 8 బిట్, సెకనుకు 100 మెగాబిట్లు. మా ఫోన్లు ఇచ్చేది హెచ్.265, అదీ ఫ్రేముల వేగం నిలకడగా లేకుండా. పెద్ద పెళ్లిళ్లకు మాతో కలిసి పనిచేసే ఇంకొక కెమెరామెన్ దగ్గర సోనీ ఏ7 4 ఉంది. ఆయన ఫైళ్లు 10 బిట్, 4:2:2 రకం, అంటే రంగుల వివరం ఎక్కువగా దాచేవి. ఒకే పెళ్లిలో ఈ మూడు రకాలూ నా టైమ్‌లైన్ (సాఫ్ట్‌వేర్‌లో ముక్కలను వరుసగా పేర్చే చోటు) మీదికి వస్తాయి. స్టూడియోలో పనిచేసిన రోజుల్లో ఒక్కో ఫైలు నీళ్లలా పారడం, ఇంకొకటి రెండు సెకన్లకోసారి ఆగిపోవడం చూసేదాన్ని. ఆ తేడాకు కారణం ఇక్కడే ఉంది.

హెచ్.264, హెచ్.265 ఫైళ్లలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. కొన్ని ఫ్రేములకు ఒకటి చొప్పున పూర్తి బొమ్మ ఉంటుంది, మధ్యలోని వాటిలో మారిన భాగాలు మాత్రమే ఉంటాయి. బతుకమ్మను వరుస మీద వరుసగా పేర్చినట్టే ఇదీ. మధ్య వరుస ఎలా ఉందో చూడాలంటే కంప్యూటర్ కింది వరుస నుంచి మళ్లీ పేర్చుకుంటూ రావాలి. సినిమా చూసేటప్పుడు ఇది వరుసగా జరిగిపోతుంది కాబట్టి బరువు తెలియదు. మిక్సింగ్‌లో మనం ముందుకూ వెనక్కూ లాగుతాం, తలంబ్రాల దగ్గర పది చోట్ల కోస్తాం, రెండు కెమెరాల దృశ్యాలు పక్కపక్కన నడిపిస్తాం. అడిగిన ప్రతిసారీ పేర్పు మళ్లీ మొదలవుతుంది. ఈ పని ప్రాసెసర్ తలకెత్తుకుంటే ఆయాసపడుతుంది. అందుకోసమే చిప్‌లో ప్రత్యేకంగా ఒక భాగం ఉంటే తేలిగ్గా చేసేస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో ఆ భాగం పేరు క్విక్ సింక్. 2011లో వచ్చిన రెండో తరం కోర్ చిప్‌ల నుంచి ఉంది. ఎన్‌విడియా కార్డుల్లోనూ, ఏఎండీ చిప్‌లలోనూ ఇలా ఫైలు విప్పి చదివే భాగాలు, అంటే డీకోడర్లు, వాటి వాటివి ఉన్నాయి.

అయితే ప్రతి డీకోడర్‌కూ ప్రతి ఫైలూ తెలియదు. మామూలు 8 బిట్ హెచ్.264ను అన్నీ చదువుతాయి. 10 బిట్ 4:2:2 హెచ్.265 దగ్గరికి వచ్చేసరికి ఇంటెల్‌లో 11వ తరం నుంచి చిప్‌లోని గ్రాఫిక్స్ భాగమే దాన్ని చదువుతుంది. నా బడ్జెట్లో దొరికే ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 2050, 3050, 4050 కార్డులు ఏవీ చదవవు. ఎన్‌విడియా ఈ సౌకర్యం ఇచ్చింది 2025లో వచ్చిన 50 శ్రేణితోనే. నేను చూసిన ఏఎండీ రైజెన్ ల్యాప్‌టాప్‌లకూ అది లేదు. ఇంకొక మెలిక కూడా ఉంది: అదే 10 బిట్ 4:2:2 హెచ్.264లో ఉంటే నేను చూసిన ఇంటెల్ చిప్‌లకూ చేతకాదు. అందుకని ఆ కెమెరామెన్‌ను హెచ్.265లోనే రికార్డు చేయమని అడిగాం. ఆయన మెనూలో ఒక్క మార్పు చేశారు, నాకు వేల రూపాయల బరువు తగ్గింది. కెమెరా వైపు నుంచి సరిచేయగలిగిన దానికి ల్యాప్‌టాప్ మీద డబ్బు పెట్టకూడదని అప్పుడే అనిపించింది.

మీకు ఫోను వీడియోలు మాత్రమే ఉంటే ఈ గొడవంతా అక్కర్లేదు. ఫోను ఫైళ్లలో ఫ్రేముల వేగం మారుతూ ఉండటం వల్ల పాట, పెదవుల కదలిక క్రమంగా తప్పుతాయి. వాటిని హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి వేగం స్థిరంగా ఉండేలా మార్చుకుంటే చాలు.

దీని తర్వాత పేర్లు చదవడం నేర్చుకున్నాను. దుకాణంలో ఐ5, ఐ7, రైజెన్ 5, రైజెన్ 7 అని మాత్రమే చెబుతారు. అసలు విషయం ఆ పక్కనున్న అంకెల్లోనూ చివరి అక్షరంలోనూ ఉంటుంది. ఇంటెల్‌లో చివర యూ ఉంటే 15 వాట్ల చిప్, హెచ్ ఉంటే 45 వాట్ల చిప్. ఐ7-1255యూలో బరువైన పని చేసే పెద్ద కోర్లు రెండే, ఐ5-12450హెచ్‌లో నాలుగు. గంటల తరబడి ఎక్స్‌పోర్ట్ (పూర్తయిన వీడియోను ఫైలుగా తీయడం) పెట్టే నాబోటి వారికి ఆ ఐ5 మేలు. రైజెన్‌లో 7000, 8000 శ్రేణుల్లో మూడో అంకె చూడాలి. 7520యూలో మూడో అంకె 2, అంటే 2019 నాటి జెన్ 2 నిర్మాణం. 7535హెచ్‌ఎస్‌లో 3, 7640హెచ్‌ఎస్‌లో 4. మూడింటికీ పెట్టె మీద ఒకే స్టిక్కర్, రైజెన్ 5. కొనేవాడికి పాత సరుకుకూ కొత్త సరుకుకూ తేడా తెలియకుండా పేరు పెట్టడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు. చిట్టీ డబ్బుతో, అప్పుతో కొనేవాళ్లు ఎందరో ఉన్నారు. పేరు సూటిగా ఉండాలి.

గ్రాఫిక్స్ కార్డు కూడా అంతే. ఆర్‌టీఎక్స్ 3050 అని రాసి ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లు ఒకేలా పనిచేయవు. ఆ కార్డుకు ల్యాప్‌టాప్ తయారీదారు 35 వాట్ల నుంచి 80 వాట్ల దాకా ఎంతైనా కేటాయించవచ్చు. సన్నటి, తేలికైన మెషీన్‌లో తక్కువ వాట్లు ఇస్తారు, అదే పేరుతో అమ్ముతారు. దాని సొంత మెమరీ 4 జీబీయా 6 జీబీయా అన్నది ఇంకా ముఖ్యం. డావిన్సీ రిజాల్వ్ అనే మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌లో 4కే దృశ్యానికి రెండు మూడు ఎఫెక్టులు వేస్తే 4 జీబీ నిండిపోయి, మెమరీ చాలదని హెచ్చరిక వస్తుంది. స్టూడియో కంప్యూటర్ మీద ఆ హెచ్చరికతో నాకు బాగా పరిచయం. అందుకని 6 జీబీ ఉండాల్సిందేనని తీర్మానించుకున్నాను.

నిల్వ లెక్క చాలా తేలిక, అయినా ఎవరూ వేయరు. సెకనుకు 100 మెగాబిట్లు అంటే 12.5 మెగాబైట్లు. నిమిషానికి 750 మెగాబైట్లు, గంటకు 45 జీబీ. పెళ్లికి ఒక కెమెరా ఐదారు గంటలు నడిస్తే 225 నుంచి 270 జీబీ. 512 జీబీ ఎస్‌ఎస్‌డీలో విండోస్, సాఫ్ట్‌వేర్లు పోగా రెండు పెళ్లిళ్లు పట్టవు. కాబట్టి రెండో ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవడానికి ఖాళీ స్లాటు ఉన్న మోడళ్లనే చూశాను.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, మూడు రకాల ఫైళ్లూ, వీఎల్‌సీ వీడియో ప్లేయర్, రిజాల్వ్ ఇన్‌స్టాలర్ ఒక పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీలో వేసుకుని బయలుదేరాను. హనుమకొండ చౌరస్తా దగ్గరి దుకాణాలతో మొదలుపెట్టి నక్కలగుట్ట వైపు షోరూమ్‌లు, తర్వాత వరంగల్ వైపు కూడా చూశాను. చాలాచోట్ల ఒకే పాట: "అక్కా, గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోండి, అన్నీ నడుస్తాయి." ఆ కుర్రవాళ్లను తప్పుపట్టను. వాళ్లకు శిక్షణ ఇచ్చినవాళ్లు ఆ మాటే నేర్పారు, ఆ రోజు అమ్మాల్సిన సరుకు వాళ్ల ముందు ఉంది. ఒక దుకాణంలో మాత్రం యజమాని, అరవై దాటిన పెద్దమనిషి, నా కాగితం తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. "బిడ్డా, ఇంత వివరంగా అడిగినవాళ్లు తక్కువ. సాయంత్రం ఏడు తర్వాత రా, జనం తగ్గుతారు, డిస్‌ప్లేలో ఉన్నవాటి మీద నీ వీడియోలు పెట్టి చూసుకో" అన్నారు. ఆయన పేరు ఇక్కడ రాయకూడదు కానీ, ఆ సాయంత్రం నాకు దొరికినంత సాయం మరెక్కడా దొరకలేదు.

ఆ పరీక్ష ఎలా చేశానో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఎవరైనా చేయవచ్చు. మొదట ఛార్జర్ పెట్టించాలి. ఇలాంటి మెషీన్లు బ్యాటరీ మీద సగం బలం కూడా చూపించవు. తర్వాత టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ పేజీకి వెళ్లాలి. అక్కడ మెమరీ మీద నొక్కితే ర్యామ్ వేగం, ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండాయో కనిపిస్తుంది. రెండింటిలో ఒకటే నిండి ఉంటే మంచిది, రేపు ఇంకొకటి వేసుకోవచ్చు. ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటే పెంచుకునే దారి లేదు. ఆ సంగతి దుకాణదారును అడిగి రూఢి చేసుకోవాలి. ఇక జీపీయూ (గ్రాఫిక్స్ భాగం) మీద నొక్కితే వీడియో డీకోడ్ అని చిన్న గ్రాఫు ఉంటుంది. మన ఫైలు నడుస్తుండగా ఆ గ్రాఫు పైకి లేచి, ప్రాసెసర్ గ్రాఫు కిందే ఉంటే పని సరైన చోట జరుగుతోందని అర్థం. గ్రాఫు కదలకుండా ప్రాసెసర్ 90 శాతం దగ్గర కొట్టుకుంటుంటే ఆ ఫైలు ఆ మెషీన్‌కు తెలియదన్నమాట.

రైజెన్ 5, ఆర్‌టీఎక్స్ 3050 ఉన్న మెషీన్ మీద అన్నయ్య ఫైళ్లు హాయిగా నడిచాయి. ఏ7 4 ఫైలు పెట్టగానే ప్రాసెసర్ గ్రాఫు గోడలా నిలబడింది, దృశ్యం ముక్కలు ముక్కలుగా కదిలింది. పక్కనే 12వ తరం ఇంటెల్ ఐ5 హెచ్ శ్రేణి మెషీన్. అదే ఫైలు, ప్రాసెసర్ 20 శాతం దాటలేదు. రెండింటి ధరలో తేడా నాలుగు వేల లోపే. ఆట ఆడేవారికి ఆ రైజెన్ ఏమీ తక్కువ కాదు, పైగా బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. నా ఫైళ్లకు మాత్రం సమాధానం దొరికిపోయింది.

ఇంటెల్ వైపు మొగ్గడానికి నాకు ఇంకొక కారణమూ ఉంది. మన పెళ్లి స్టూడియోలు చాలావాటిలో ఈడియస్ అనే మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. నా పాత స్టూడియో రద్దీ నెలల్లో నాకు ఇచ్చే పని ఆ ప్రాజెక్టుల రూపంలోనే వస్తుంది. ఈడియస్ ఏళ్ల తరబడి క్విక్ సింక్ మీదే ఎక్కువగా ఆధారపడుతూ వచ్చింది. అది మ్యాక్ మీద నడవదు కూడా. ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ నా జాబితాలోంచి పోవడానికి ఇదే ముఖ్య కారణం. 2020లో వచ్చిన ఆ మెషీన్ 2024 నాటికి ఆఫర్లలో నా బడ్జెట్‌కు దగ్గరగా వచ్చింది. ఫ్యాను లేదు, తెర చాలా బాగుంటుంది, నా మూడు రకాల ఫైళ్లనూ చదువుతుంది. కానీ 8 జీబీ ర్యామ్, 256 జీబీ నిల్వ, రెండూ ఎప్పటికీ పెంచలేం. ఒక్క పెళ్లికే నిండిపోయే డిస్కుతో నేను పని చేయలేను. ఒంటరిగా యూట్యూబ్‌కు చేసుకునేవారికి అది మంచి మెషీన్ అని మాత్రం ఒప్పుకోవాలి.

సికింద్రాబాద్ కూడా వెళ్లి వచ్చాను. కాజీపేటలో పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నానికి పని ముగించుకోవచ్చు. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వాడిన వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్‌లు తక్కువ ధరకు దొరుకుతాయని విని వెళ్లాను. దొరుకుతాయి, ధర కూడా ఆశ పెట్టేలా ఉంటుంది. ఎక్కువ భాగం 8వ, 9వ తరం ఇంటెల్. అంటే 4:2:2 సంగతి అక్కడే ఆగిపోతుంది. బ్యాటరీ ఎంత అరిగిందో చూడాలి, వారంటీ కొద్ది నెలలే. ఏడాదంతా ఒక్క మెషీన్ మీద బతకాల్సిన నాకు ఆ ధైర్యం చాలలేదు. కొత్తవాటి ధరలు హనుమకొండకూ అక్కడికీ పెద్ద తేడా లేవు.

తెర గురించి నేను అందరికంటే ఎక్కువ పట్టుబట్టాను. ఈ ధరలో గేమింగ్ ల్యాప్‌టాప్ కొనేవారు 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే తెర) అన్న అంకె చూసి సంతోషపడతారు. ఆ అంకె నా పనికి ఉపయోగపడదు. మా దృశ్యాలు సెకనుకు 25 లేదా 50 ఫ్రేములే. నాకు కావలసింది రంగు. వివరాల కాగితంలో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని చిన్న అక్షరాల్లో ఉంటే, ఆ తెర మామూలు ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండు వంతులు కూడా సరిగా చూపలేదని అర్థం. ఈ రెండూ తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలమానాలు. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ లేదా 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ అని ఉండాలి. ఇది కాగితం మీద చదివితే ఎవరికీ పట్టదు. అందుకే నేను వేయి స్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ రోజు అన్నయ్య తీసిన దృశ్యం తీసుకెళ్లాను. తంగేడు పసుపు, బంతి నారింజ, గునుగు పూలకు అద్దిన ముదురు గులాబీ రంగు. 45 శాతం తెర మీద బంతీ తంగేడూ దాదాపు ఒకే రంగులోకి దిగిపోయాయి, గులాబీ వెలిసిపోయింది. 100 శాతం తెర మీద ప్రతి పువ్వూ దేని రంగు దానిదే. పెళ్లికూతురి ఎర్రచీర, పసుపు రాసిన ముఖం, నుదుటి కుంకుమ, ఇవే కదా మా పనిలో నిత్యం చూసే రంగులు. తెర అబద్ధం చెబితే నేను లేని ఎరుపు పెంచుతాను. అది వాళ్ల ఇంటి టీవీలో మండిపోతుంది. వాళ్లు ఆ వీడియో జీవితాంతం దాచుకుంటారు. ఇక్కడ రాజీ పడకూడదనే నా మాట.

ఇంకో సంగతి: ఒకే మోడల్ పేరుతో రెండు రకాల తెరలు వస్తాయి. పెట్టె మీదున్న పూర్తి పార్ట్ నంబరు తయారీదారు వెబ్‌సైట్‌లో వేసి చూసి, ఆ నంబరుకే బిల్లు వేయించుకోవాలి.

చివరికి తీసుకున్నది 12వ తరం ఐ5 హెచ్‌ఎక్స్ శ్రేణి ప్రాసెసర్, 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ తెర, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నది. ర్యామ్ 8 జీబీయే వచ్చింది. అక్కడే ఇంకొక 8 జీబీ వేయించాను. దాంతో ర్యామ్ 16 జీబీ అవడమే కాదు, రెండు స్లాట్లూ కలిసి పనిచేయడం వల్ల చిప్‌లోని గ్రాఫిక్స్‌కూ వేగం పెరిగింది. అది వాడుకునేది ఈ ర్యామ్‌నే. మొత్తం 65 వేలకు రెండు వేలు దాటింది, ఆ రెండు వేలు అన్నయ్య వేశాడు. అదే కొనుగోలు ఇప్పుడైతే ముందే 16 జీబీ ఉన్నది చూసుకోమంటాను, ఎందుకంటే 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. బరువు రెండు కిలోలు పైనే, ఛార్జర్ ఇటుకంత. కెమెరా కార్డు పెట్టే స్లాటు లేదు, విడిగా రీడర్ కొన్నాను. ఈ కంపెనీ సర్వీస్ సెంటర్ హనుమకొండలోనే ఉందని ముందే కనుక్కున్నాను.

ఇంటికి తెచ్చాక చేసిన మొదటి పని ఒక సెట్టింగు చూడటం, ఇది చాలామందికి తెలియదు. ఇలాంటి ల్యాప్‌టాప్‌లలో ఎన్‌విడియా కార్డు ఒక్కటే పనిచేసే మోడ్, అదీ ఇంటెల్ గ్రాఫిక్సూ రెండూ కలిసి పనిచేసే హైబ్రిడ్ మోడ్ అని రెండుంటాయి. ఆటల కోసం మొదటిది పెట్టమని సలహాలు ఇస్తారు. అది పెడితే ఇంటెల్ గ్రాఫిక్స్ నిద్రపోతుంది, దానితో పాటే క్విక్ సింక్ పోతుంది. ఏ కారణంతో ఆ ప్రాసెసర్‌ను ఎంచుకున్నామో ఆ కారణమే మాయమవుతుంది. హైబ్రిడ్‌లోనే ఉంచాలి.

ప్రీమియర్ ప్రో అనే మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారు ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ దగ్గర దక్షిణాసియా లిపుల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాలి, లేకపోతే పెళ్లి టైటిల్‌లో శ్రీ, లక్ష్మి, స్త్రీ వంటి మాటల్లో ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. పేరు తప్పుగా పడిన పెళ్లి వీడియో ఎవరూ తీసుకోరు.

రిజాల్వ్ ఉచిత రూపంలో 4కే, సెకనుకు 60 ఫ్రేముల దాకా ఎక్స్‌పోర్ట్ చేయవచ్చు, డబ్బు కట్టే రూపానికే ఉన్న ఎఫెక్టులు వాడనంత వరకు దాని మీద గుర్తు ఏదీ పడదు. 8 బిట్ ఫైళ్లతో చేసే పెళ్లి పనికి అది సరిపోతుంది. హైలైట్స్ ముక్కలు దాంట్లో చేస్తున్నాను, పూర్తి పెళ్లి ఈడియస్‌లో. బరువైన దృశ్యాలు ఉంటే ప్రాక్సీలు తయారు చేసి పెడతాను. అంటే అసలు ఫైలుకు చిన్న నకలు, కోత అంతా దాని మీద, ఎక్స్‌పోర్ట్ సమయంలో అసలుది. రాత్రి పడుకునే ముందు ప్రాక్సీలు పెట్టేస్తే పొద్దున్నకు సిద్ధంగా ఉంటాయి. ఇది తెలిసినవారు నాకంటే చవకైన మెషీన్ మీద కూడా 4కే పని చేసుకోగలరు.

మొదటి పెద్ద పని పరకాల దగ్గరి ఒక పల్లె పెళ్లి. మూడు కెమెరాలు, రెండు ఫోన్లు. జీలకర్ర బెల్లం ఘట్టంలో మూడు కోణాలూ ఒకేసారి నడిపి కోసుకున్నాను, ఎక్కడా ఆగలేదు. వేడి మాత్రం ఎక్కువే. మా దగ్గర మే నెలలో ఎండ 43 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో పగలు ఎక్స్‌పోర్ట్ పెడితే ఫ్యాన్ల చప్పుడు పక్క గదికి వినిపిస్తుంది, ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. వెనక భాగం రెండంగుళాలు ఎత్తుగా ఉండేలా చెక్క స్టాండు చేయించాను, ఎక్స్‌పోర్ట్‌లు రాత్రికి మార్చాను. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి పనిచేయడం ఎవరైనా మానుకోవాలి, గాలి లోపలికి వెళ్లేది కింది నుంచే.

రెండో స్లాటులో 1 టీబీ ఎస్‌ఎస్‌డీ ఆ సీజన్ సంపాదనతో వేశాను. నడుస్తున్న పని దాని మీద, అయిపోయిన పెళ్లిళ్లు రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల మీద. ఒకటి మా ఇంట్లో, ఇంకొకటి అమ్మమ్మ ఇంట్లో.

ఈమధ్య జనగామ నుంచి మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. పొలం పనుల మీద, విత్తనాల మీద వీడియోలు చేస్తున్నాడు, 40 వేలలో ల్యాప్‌టాప్ కావాలన్నాడు, గ్రాఫిక్స్ కార్డు ఏది తీసుకోవాలని అడిగాడు. ఫైలు ఒకటి పంపమన్నాను. ఫోను వీడియో, 1080, 8 బిట్, ఒక్కటే కెమెరా. వాడికి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ప్రాసెసర్ తరం కొత్తదై ఉండాలి, ర్యామ్ 16 జీబీ రెండు స్లాట్లలో ఉండాలి, తెర రంగులు సరిగా ఉండాలి అని రాసి పంపాను. కార్డుకు పెడదామనుకున్న డబ్బులో కొంతతో కాలర్ మైకు, మిగతాదానితో హార్డ్ డిస్కు కొన్నాడు.